మెంతి నీటిపై మబ్బులు

ఈద్ కార్డు మన పూర్వికులు అనాదిగా ఎరిగిన ఆచారం కాదు. రైలు మార్గాలు విస్తరించి, తపాలా చౌకై, లాహోరు, ఢిల్లీ, బొంబాయి నగరాలలో ముద్రణాలయాలు వెలసిన తర్వాత, 19వ శతాబ్దం చివరి దశలో అది మన దేశంలో వ్యాప్తిలోకి వచ్చింది. ఉద్యోగం కోసం ఇల్లు విడిచినవాడు పండుగనాటికి ఇల్లు చేరలేకపోతే, అతనికి బదులుగా ఆ అట్టముక్క చేరేది. మా బాల్యంలో రంజాన్ చివరి పది రోజులలో దుకాణాల ముందు దారాలకు ఈద్ కార్డులు వేలాడుతుండేవి. నెలవంక, మీనారులు, గులాబీలు, వాటిపై వేలికి అంటుకునే మెరుపు పొడి. ఆత్మకూరు పేర్లు మన రాష్ట్రంలో ఒకటికి మించి ఉన్నందువల్ల, చిరునామాలో ఊరి పేరు పక్కన సూర్యాపేటను సూచించే ‘ఎస్’ అక్షరాన్ని మరవకుండా వేయమని పెద్దలు హెచ్చరించేవారు. లేకుంటే మన సలాము మరో ఆత్మకూరు వీధులలో తిరుగుతుంది.

ఇప్పుడు ఆ దారాలు లేవు. ఒకే బొమ్మ ఒక్క వేలి కదలికతో వందమందికి వెళుతుంది. వందమందీ దాన్ని సరిగా చూడకుండానే తుడిచివేస్తారు. దీనిపై నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దూరదేశాలలో ఉన్నవారి ముఖాలను పండుగనాడు చూపిస్తున్న సాధనాన్ని నిందించడం కృతఘ్నత అవుతుంది. నన్ను బాధించేది మరొకటి. అచ్చు కార్డులు, పెళ్లి పత్రికలు, జల్సాల కరపత్రాలు నేటికీ వస్తూనే ఉన్నాయి. వాటిపై బిస్మిల్లాహ్ ఉంటుంది, ఆయతు ఉంటుంది, కఅబా చిత్రం ఉంటుంది. పని తీరిన వారానికి అవి మురుగు కాలువ అంచున కనిపిస్తాయి. మదరసాలో మాకు మొట్టమొదట నేర్పిన మర్యాదలలో కాగితం పట్ల మర్యాద ఒకటి. చినిగిన పారాల పుటలను గుడ్డ సంచిలో భద్రపరచి, ఎవరూ తొక్కని చోట పూడ్చిపెట్టేవాళ్లం. ఈ భయంతోనే కొందరు పత్రికలపై బిస్మిల్లాహ్‌కు బదులు అంకెలు వేయిస్తున్నారు. అంకెలు బిస్మిల్లాహ్ కాజాలవు. అది సమస్యను దాటవేయడమే తప్ప పరిష్కరించడం కాదు.

గత షఅబాన్ నెలలో మక్తబ్ పిల్లలు పండుగకు తామే కార్డులు చేస్తామన్నారు. సరేనని మూడు షరతులు పెట్టాను. కార్డుపై ఆయతు రాయకూడదు, అల్లాహ్ నామం రాయకూడదు, ప్రాణుల బొమ్మలు వేయకూడదు. పదకొండేళ్ల బాలిక ఒకతె లేచి, “మరి కార్డు మీద ఇంకేం మిగిలింది హజ్రత్?” అని అడిగింది. తక్కిన పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి తండ్రి దమ్మామ్‌లో లారీ నడుపుతాడు. ఆ కార్డు ఎవరికోసమో నాకు తెలుసు.

రాతా లేదు, బొమ్మా లేదు. మిగిలింది నేపథ్యమే. ఆ మాట మనసులో మెదలగానే నాకు మా మదరసా గ్రంథాలయం గుర్తుకు వచ్చింది. అక్కడి పాత కితాబుల అట్టలకు ఒక చిత్రమైన కాగితం అతికించి ఉండేది. నీలం, ఇటుక రంగు, నలుపు కలిసి పాలరాతి చారలవలె, సంధ్యవేళ మబ్బులవలె పరచుకొని ఉండేవి. జిల్దుసాజులు దాన్ని అబ్రీ కాగితం అనేవారు. ఫార్సీలో ‘అబ్ర్’ అంటే మబ్బు. హదీసు పాఠం మధ్యలో కళ్లు అలసినప్పుడు ఆ అట్టను చూస్తూ కూర్చునేవాళ్లం. దాన్ని ఎలా చేస్తారో అప్పుడు మాలో ఎవరూ అడగలేదు.

అబ్రీ కళ మనకు పరాయిది కాదు. రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా (1580–1627) ఏలిన బీజాపూర్‌లో ఈ పద్ధతితో చిత్రాలే చేసేవారు. 1625 ప్రాంతంలో అక్కడ తయారైన ఒక బక్కచిక్కిన గుర్రం చిత్రం నేడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ప్రాణి చిత్రణ విషయంలో నా అభిప్రాయం పాఠకులకు తెలిసిందే. కానీ దక్కన్ పనివారి చేతికి ఈ కాగితం ఎంతగా లొంగిందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఉస్మానీ తుర్కులు దీన్ని ఎబ్రూ అన్నారు. ఇస్తాంబుల్‌లో ఈ కళను నిలబెట్టినవారిలో మన వర్గంవారు, అంటే మసీదు మింబరుకూ పాఠానికీ అంకితమైనవారు, ముఖ్యులు కావడం నాకు ఆనందం కలిగించింది. అయాసోఫియా మసీదు ఖతీబుగా పనిచేసిన మెహ్మెద్ ఎఫెంది పేరుతో ఒక నమూనాకు ‘ఖతీబ్ ఎబ్రూ’ అనే పేరే స్థిరపడింది. ఆయన 1773లో తన ఇంట జరిగిన అగ్నిప్రమాదంలో మరణించారు. 19వ శతాబ్దంలో ఉస్కుదార్‌లోని ఉజ్బెక్ ఖాన్‌ఖాహ్ షేఖ్ సాదిఖ్ ఎఫెంది ఈ విద్యను బుఖారాలో నేర్చి వచ్చారని చెబుతారు. ఆయన కుమారుడు ఇబ్రాహీం అద్హమ్ ఎఫెంది నుంచి నేర్చుకున్న నజ్ముద్దీన్ ఓక్యాయ్ (1883–1976) ఇమాము, ఖతాతు, విలుకాడు, గులాబీల పెంపకందారు. 2014లో యునెస్కో ఎబ్రూను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇందులోని కిటుకు చెప్పడానికి చిన్నది. చిక్కటి జిగురు నీటిపై రంగు చుక్కలు మునగకుండా తేలాలి. తేలిన రంగును పుల్లతో కదిపి, పైన కాగితం పరచి ఎత్తితే నీటిమీది రూపం కాగితానికి దిగుతుంది. అంతే. కానీ నీరు, రంగు, కాగితం మూడూ ఒకేసారి మాట వినాలి. ఒకటి విన్నప్పుడు రెండు వినవు.

జిగురుకు తుర్కులు వాడేది కతీరా బంక. వేసవిలో మన ఇళ్లలో షర్బత్‌లో వేసుకునే గోంద్ కతీరా ఆ కోవలోదే. మన అడవులలో కొండగోగు చెట్టు నుంచి దిగే బంకను కూడా కతీరా పేరుతోనే అమ్ముతారు. అయితే ఇరాన్‌లోనూ, మన దేశంలోనూ మెంతుల జిగురు కూడా వాడేవారని తెలిశాక నేను ఇంకెక్కడా వెదకలేదు. మెంతులు లేని వంటిల్లు ఏది? మూడు గుప్పెళ్ల మెంతులను రాత్రంతా నానబెట్టి, తెల్లవారి సన్నని సెగపై ఉడికించి, పలచని గుడ్డలో పిండకుండా వడగట్టాం. పలచని గంజివంటి ద్రవం దిగింది. పుల్లతో సుడి తిప్పి ఆపితే, ఆ సుడి ఆగే క్షణంలో కొంచెం వెనక్కి తిరగాలి. అప్పుడే చిక్కదనం సరిపోయినట్టు. పిల్లలకు ఈ పరీక్ష ఎంత నచ్చిందంటే, అవసరం లేకున్నా ప్రతివాడూ ఒకసారి తిప్పి చూశాడు. ఎండాకాలం కనుక రెండో రోజుకే వాసన మొదలైంది. ఆ రోజు మక్తబ్ గదిలో పాఠం చదివినవారి బట్టలన్నీ మెంతికూర వాసన వేశాయని తల్లులు చెప్పారు.

రంగుల సంగతి దగ్గర ఒక చిక్కు వచ్చింది. రంగు నీటిపై విచ్చుకోవడానికి ప్రాచీనులు ఎద్దు పిత్తాన్ని కలిపేవారు. అది కలిస్తే చుక్క విప్పారుతుంది, పక్క రంగుతో కలిసిపోదు. ఖుర్బానీ చేసే ఇంట్లో పిత్తం దొరకడం కష్టం కాదు. కానీ ఫిఖ్హ్ చదివినవారికి ఇక్కడ సందేహం తప్పదు. జంతువు పిత్తానికి దాని మూత్రానికి వర్తించే ఆదేశమే వర్తిస్తుందని హనఫీ గ్రంథాలలో ఉంది. ఉస్మానీ ఉలమాలు కూడా హనఫీలే. వారు దీన్ని ఏ విధంగా సమాధానపరచుకున్నారో విచారించవలసిన విషయమే. పసిపిల్లల చేతులు, మక్తబ్ చాప, పక్కనే పారాలు ఉన్న చోట నాకు ఆ విచారణతో పని లేదు. సందేహం ఉన్నదాన్ని విడిచి సందేహం లేనిదాన్ని పట్టుకోవాలన్న బోధ చాలు. గిన్నెలు కడిగే సబ్బు నీటిని ఒక్కొక్క చుక్క కలిపి చూశాం. ఎక్కువైతే రంగు తట్ట అంచులకు పారిపోతుంది, తక్కువైతే అడుగుకు దిగుతుంది. దుకాణంలో కొన్న పోస్టర్ రంగులకంటే గడపలకు పూసే జాజు, దీపపు మసి, బాగా నూరి తుమ్మబంక నీటితో కలిపినప్పుడు, మెరుగ్గా తేలాయి. కాగితానికి ముందుగా పటిక నీరు పూసి ఆరబెట్టడం తప్పనిసరి. పటిక లేని కాగితాన్ని కడిగితే రంగంతా జారిపోతుంది. మంగలి దుకాణంలోనూ బిందె నీటిలోనూ చూసిన పటికకు ఈ పని కూడా ఉందని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు.

మొదటి గురువారం అసర్ తర్వాత వంటింటి పెద్ద తబక్‌లో నీరు పోసి పని ప్రారంభించాం. ఒక పక్క రాసిన పాత క్యాలెండర్ కాగితాలను ప్రయోగాలకు పెట్టుకున్నాం. పన్నెండు కాగితాలవరకు బూడిద రంగు మరకలే వచ్చాయి. పదమూడోది ఎత్తేసరికి గది నిశ్శబ్దమైంది. నీలంలో తెల్లని నరాలు, వాటి మధ్య జాజు ఎరుపు చుక్కలు విచ్చుకొని ఉన్నాయి. “ఇది ఎవరు వేశారు?” అని ఒక చిన్నవాడు అడిగాడు. ఎవరూ వేయలేదు. చేతి పని ఉంది, నీటి పని ఉంది. ఆ రెంటికీ మించినవాని అనుమతి ఉంది. మరుక్షణం అదే రంగులతో మరో కాగితం పరిచాం. ఆ రూపం మళ్లీ రాలేదు. ఎన్నటికీ రాదు. వందమందికి ఒకే బొమ్మ పంపే అలవాటులో పెరుగుతున్న పిల్లలకు ఇది వింతగా తోచింది. ఒక కాగితం ఒక మనిషికే. కాబట్టి ఆ మనిషి ఎవరో ముందే నిర్ణయించుకోవాలి. కొందరు పిల్లలు ఆ రోజు తబక్ దగ్గర చాలాసేపు ఆలోచిస్తూ నిలబడడం చూశాను.

రెండో వారం ఒక కాగితంపై, ఎవరూ ఉద్దేశించకుండానే, రెక్కలు చాచిన పిట్టవంటి రూపం వచ్చింది. పిల్లలు దాన్ని దాచి, చర్చించి, చివరికి భయపడుతూ నా వద్దకు తెచ్చారు. “దీన్ని చింపేయాలా హజ్రత్?” చిత్రకారుడొకడు తన వృత్తి గురించి అడిగినప్పుడు, చేయక తప్పకపోతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని ఇబ్నె అబ్బాస్ (రజి) సలహా ఇచ్చిన సంగతి వారికి వివరించాను. ఇక్కడ ఎవరూ పిట్టను చిత్రించలేదు. ఆకాశంలో మబ్బు ఒంటె ఆకారం దాల్చినంత మాత్రాన ఆకాశం చూడవద్దని ఎవరూ అనరు కదా! చింపనవసరం లేదన్నాను. అయినా వారిలో ఒకడు తృప్తి చెందక, ముక్కు ఉన్న చోట మరో చుక్క రంగు వేసి దాన్ని మబ్బుగా మార్చి వెళ్లాడు. ఫత్వాకంటే తఖ్వా ఒక మెట్టు పైన ఉంటుందని వాడికి నేను ఇంకా నేర్పలేదు.

మూడో వారం కొత్త పద్ధతిని ప్రయత్నించాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పటిక పూసి ఆరిన కాగితంపై తుమ్మబంక నీటితో ఒక ఆకారం గీసి, దాన్నీ ఆరనివ్వాలి. తర్వాత అబ్రీ తబక్‌లో పరచి ఎత్తి, మంచినీటితో కడగాలి. బంక ఉన్న చోట రంగు కాగితాన్ని అంటదు, బంకతోపాటే కొట్టుకుపోతుంది. చుట్టూ మబ్బులు, మధ్యలో గీసిన ఆకారం తెల్లగా మిగులుతుంది. ఓక్యాయ్ ఈ పద్ధతిలోనే తన ఖతాతీని అబ్రీలో నిలిపారు. బీజాపూర్ పనివారికి కూడా బంకతో రంగును అడ్డుకునే ఉపాయం తెలుసు. మా ఊరి చుట్టుపక్కల పొలాల గట్లమీద తుమ్మ చెట్లకు కొదవ లేదు. పిల్లలు బెరడుపై గడ్డకట్టిన బంకను ఏరి తెచ్చారు. విద్యార్థి దశలో రెల్లు కలం చెక్కి, మసిలో ఇదే బంక కలిపి సిరా చేసుకున్న చేతులు నావి. రాతను కాగితానికి పట్టి ఉంచే బంకే ఇక్కడ రంగును పట్టనివ్వకుండా ఆపుతుంది. ఒక వస్తువుకు రెండు ఎదురెదురు గుణాలు ఇచ్చిన ప్రభువు పరిశుద్ధుడు!

పిల్లలు నెలవంకలు, మీనారులు, ఖర్జూరపు చెట్లు గీశారు. మొదట ప్రశ్న అడిగిన బాలిక మాత్రం లారీ గీసింది. నేను చూస్తుండడం గమనించి, “లారీకి ప్రాణం ఉండదు కదా హజ్రత్” అంది. ఉండదన్నాను. నీలి మబ్బుల మధ్య తెల్లని లారీ. చక్రాలు గుండ్రంగా రాలేదు, బంక కొంచెం పాకింది. లోపల తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకుంది. తండ్రికి తెలుగు చదవడమే బాగా వచ్చు. ఆ వాక్యాలు నేను చదవలేదు.

మసీదు కమిటీలోని ఒక పెద్దాయన దీనికి మొదటి నుంచి విముఖులు. తజ్వీద్ సరిగా రాని పిల్లల చేతికి రంగులు ఇవ్వడం ఏమిటని, ఇది ఇస్రాఫ్ కాదా అని నలుగురిలో అడిగారు. ఆయన్ని తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు. పారే నది ఒడ్డున వజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న బోధ వింటూ పెరిగిన సమాజం మనది. తబక్‌లో పోసి పారబోసే నీటికి లెక్క చెప్పవలసిందే. నేను లెక్క చెప్పాను. మూడు గుప్పెళ్ల మెంతులు, ఒక పటిక ముక్క, ఊరికే దొరికిన బంక, గడపకు పూయగా మిగిలిన జాజు. ఒక్క తబక్ నీటితో నలభై కాగితాలు వచ్చాయి. ఇంత ఖర్చుకు దుకాణంలో ఐదు కార్డులు రావు. ఇక అందం సంగతి. గర్వాన్ని ఖండిస్తూ దైవప్రవక్త (సఅసం) మాట్లాడినప్పుడు, మంచి బట్టలు, మంచి చెప్పులు ఉండాలనుకోవడం కూడా గర్వమేనా అని ఒక వ్యక్తి అడిగాడు. కాదని, సత్యాన్ని తిరస్కరించి మనుషులను చిన్నచూపు చూడడమే గర్వమని ఆయన స్పష్టం చేశారు. అందాన్ని కోరుకోవడం అల్లాహ్‌కు అయిష్టమైనది కాదని మనకు అప్పుడే తెలిసింది. పెద్దాయన అంతా విని, “సబఖ్ వెనకబడితే మాత్రం ఊరుకోను మౌలానా” అన్నారు. ఆ మాట న్యాయమైనదే. ఆ రోజు నుంచి సబఖ్ అప్పజెప్పనివాడు తబక్ ముట్టకూడదన్న నియమం పెట్టాను. గురువారాలు సబఖ్ అంత సాఫీగా ముందెన్నడూ సాగలేదు.

కార్డుపై అల్లాహ్ నామం లేకపోతే అది బోసిగా ఉండదా అని ఒక తల్లి అడిగారు. పండుగనాడు సహాబాలు ఒకరికొకరు చెప్పుకున్న దుఆను పిల్లలందరికీ కంఠస్థం చేయించాను. మా నుంచీ మీ నుంచీ అల్లాహ్ స్వీకరించుగాక అని దాని భావం. కార్డు చేతికి ఇస్తూ దాన్ని నోటితో చెప్పాలి. దూరాన ఉన్నవారికైతే ఫోనులో చెప్పాలి. కాగితం ఒకనాడు చెత్తలో పడవచ్చు, నోటి దుఆ పడదు. పక్కింటి హిందూ కుటుంబాలకు కూడా పిల్లలు కార్డులు ఇచ్చారు. ఒక ఇంట్లో దాన్ని దేవుని గదిలో పెట్టారని విని, దానిపై ఆయతు లేనందుకు ఊరట చెందాను. వారి ఆదరానికి సంతోషించాను కూడా.

లారీ కార్డు తపాలాలో వెళ్లలేదు. దమ్మామ్ వెళుతున్న సూర్యాపేట మనిషి ఒకరు తీసుకెళ్లారు. పండుగ దాటిన తొమ్మిదో రోజుకు చేరింది. అతను దాన్ని లారీ అద్దం పైన దోపి, ఫోటో తీసి ఇంటికి పంపాడు. ఆ ఫోటోలో అతని ముఖం లేదు, కార్డూ, దాని వెనక ఎడారి రోడ్డూ ఉన్నాయి. బాలిక దాన్ని నాకు చూపించి, చక్రాలు ఈసారి కంచం బోర్లించి గీస్తానంది.

షవ్వాల్ చివరలో పెద్దాయన మగ్రిబ్ తర్వాత ఆగారు. చంకలో గుడ్డమూట ఉంది. విప్పితే ఆయన తండ్రి చదువుకున్న ముస్హఫ్. పుటలు గట్టిగానే ఉన్నాయి, అట్టలు మాత్రం ఊడిపోయాయి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో జిల్దు కట్టిస్తానని, అట్టలపై అతికించడానికి పిల్లలు చేసే కాగితం కావాలని అన్నారు. “సబ్బుతోనే చేశారు కదా మౌలానా, ఆ పిత్తం కలపలేదు కదా?” అని రెండుసార్లు అడిగారు. కలపలేదన్నాను. ముందు అట్టకూ వెనక అట్టకూ ఒకేలాంటివి రెండు కావాలన్నారు. అది మాత్రం సాధ్యం కాదని చెప్పి, ఆరబెట్టిన కాగితాల కట్టను ఆయన ముందు పెట్టాను. దీపం దగ్గరకు జరిపి, ఒక్కొక్కటీ తిరగేస్తూ ఇషా అజాన్ వరకు కూర్చున్నారు. చివరకు ఒక నీలం, ఒక జాజు రంగు ఎంచుకొని, వాటిని మడత పడకుండా ముస్హఫ్ గుడ్డలోనే చుట్టుకున్నారు.